చిరిగిన అచ్చే నయం

(దంత వైద్య విద్యార్థులు, హౌస్ సర్జన్లు, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం జరిగిన ఒకరోజు శిక్షణ తరగతిలో ఒక ప్రోస్థోడాంటిక్స్ (కట్టుడు పళ్ళ విభాగం) అధ్యాపకుడి ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. కాసేపట్లో ఈ బల్ల మీద ఆల్జినేట్, అదే పళ్ళ అచ్చు తీసే పొడి, కలిపి చూపిస్తాను, అక్కణ్ణుంచి కనపడదు.

ముందు ఒక ప్రశ్న. గుండెకి స్టెంట్ వేశారు అంటాం కదా, ఆ స్టెంట్ అన్న మాట ఎక్కడిది? ఎవరూ చెప్పరా? అది మన వృత్తివాడి ఇంటిపేరు. చార్లెస్ స్టెంట్ అని, 19వ శతాబ్దంలో లండన్‌లో పళ్ళ డాక్టరు. అప్పట్లో నోటి అచ్చు తీయడానికి తేనెమైనం వాడేవారు, ప్లాస్టర్ వాడేవారు, మలయా అడవుల్లో దొరికే గట్టాపెర్చా అనే చెట్టుపాల ముద్ద వాడేవారు. గట్టాపెర్చా వేడినీళ్ళలో మెత్తబడుతుంది, నోట్లో చల్లారి బిగుస్తుంది. చిక్కల్లా చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, వంకర పోతుంది. 1856లో స్టెంట్ అందులో కొవ్వు నుంచి తీసే స్టియరిన్ కలిపాడు, మెత్తగా ఒదగడానికి. టాల్క్ పొడి కలిపాడు, ముద్దకి ఒళ్ళు రావడానికి. ఎర్ర రంగు కూడా వేశాడు. తరవాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఎస్సర్ అనే డచ్ సర్జన్, ముఖాలు చితికిన సైనికులకి చర్మం అతికేటప్పుడు అది కదలకుండా పట్టి ఉంచడానికి ఈ ముద్దనే వాడాడు. దాంతో ఒంట్లో దేన్నయినా పట్టి నిలిపేదానికి స్టెంట్ అన్న పేరు స్థిరపడి, చివరికి గుండె రక్తనాళంలోకి వెళ్ళింది.

మెత్తబరిచేది ఒకటి, ఒళ్ళిచ్చే పొడి ఒకటి. ఇవాళ మీరు కొనే సిలికోన్ కార్ట్రిడ్జ్‌లో కూడా మూల ఆలోచన అదే. రసాయనాలు మారాయి, అంతే. కాబట్టి ఇంప్రెషన్ మెటీరియల్, అంటే అచ్చు తీసే ముద్ద, దాని బలం పెంచడం అనగానే ఇదేదో కొత్త పరిశోధన అనుకోకండి. మనవాళ్ళు 170 ఏళ్ళుగా ఆ పనిమీదే ఉన్నారు.

అయితే ఏ బలం? ఇక్కడే మన పిల్లలు తికమక పడతారు. వైవాలో అడిగితే టకటకా కంప్రెసివ్ స్ట్రెంగ్త్, అంటే నొక్కితే తట్టుకునే బలం, దాని అంకె చెప్పేస్తారు. నోట్లోంచి ముద్ద నింపిన ట్రే తీసేటప్పుడు అచ్చుని ఎవరు నలగ్గొడుతున్నారు? లాగుతున్నాం, చింపుతున్నాం. బట్టల కొట్టుకి వెళ్ళండి. రెండు మీటర్ల గుడ్డ అడిగితే కొట్టతను కత్తెరతో అంచున చిన్న గాటు పెడతాడు, రెండు చేతుల్తో చర్రున లాగుతాడు. గాటు లేకుండా అదే గుడ్డని చింపమనండి చూద్దాం, వస్తాదు వల్ల కూడా కాదు. మనకి కావలసింది గాటు పడ్డాక కూడా తట్టుకునే బలం. టేర్ స్ట్రెంగ్త్ అంటే అదే. పరీక్షలో కూడా నమూనాకి ముందే గాటు పెట్టి లాగుతారు. ఒక పద్ధతిలో నమూనాని ప్యాంటు కాళ్ళలాగా చీల్చి రెండు కాళ్ళూ చెరో పక్కకి లాగుతారు, దాని పేరే ట్రౌజర్ టెస్ట్.

దీనికి కొలత, మిల్లీమీటరు మందానికి ఇన్ని న్యూటన్లు అని. ఆల్జినేట్‌కి ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం అడిగే కనీసం 0.38. అంటే మిల్లీమీటరు మందం రేకుకి గాటు పెట్టి 39 గ్రాముల బరువు వేలాడదీస్తే చిరిగిపోవచ్చు. కోడిగుడ్డంత బరువు కూడా అక్కర్లేదు! పాలీసల్ఫైడ్ అనే అచ్చు రబ్బరు అయితే 2.5 నుంచి 7 దాకా. మనం రోజూ వాడే అడిషన్ సిలికోన్ 1.5 నుంచి 4.3 దాకా, పాలీఈథర్ అనే ఇంకో రబ్బరు దాదాపు అంతే.

ఈ అంకెలు చూస్తే మీకేమనిపిస్తుంది? పాలీసల్ఫైడే రాజు కదా, మరి దాన్నెందుకు వదిలేశారు? ఆ కంపు, ఆ గోధుమరంగు మరకలు ఒక కారణం, ఒప్పుకుంటాను. విమానాల ఇంధన ట్యాంకుల అతుకులు మూయడానికి వాడే రబ్బరు జాతి అది, నోట్లో ఇంకెలా ఉంటుంది? అసలు కారణం మాత్రం వేరు. అది చిరగదు, సాగుతుంది. సాగింది పూర్తిగా వెనక్కి రాదు.

నా సంగతి ఒకటి చెప్తాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చారు, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. కింద దవడలో మూడు పళ్ళ బ్రిడ్జ్. సిలికోన్‌తో అచ్చు తీస్తున్నాను. ఆయనకి వాంతొచ్చేలా ఉంది, చేతులు ఊపుతున్నారు. నాకూ టెన్షన్. పైన వేలితో నొక్కి చూశాను, గట్టిపడినట్టే అనిపించింది. ఇంకో నిమిషంన్నర ఉండాల్సింది, తీసేశాను. చూస్తే అద్దంలా ఉంది. ఎక్కడా చిరుగు లేదు, బుడగ లేదు, మార్జిన్, అంటే అరగదీసిన పంటి అంచు, దాని చుట్టూ గీత గీసినట్టుంది. మురిసిపోయి ల్యాబ్‌కి పంపాను. బ్రిడ్జ్ వచ్చింది, కూర్చోలేదు. ల్యాబ్ వాళ్ళ మీద అరిచాను. వాళ్ళు పాపం మళ్ళీ చేశారు, మళ్ళీ కూర్చోలేదు. ఆ పెద్దాయన నవ్వి, "డాక్టరుగారూ, మీ కొలత మా యార్డు కాటా కంటే ఘోరంగా ఉందండీ" అన్నారు. మూడోసారి అచ్చే కొత్తగా తీశాను, పూర్తి సమయం ఉంచి. అప్పుడు కూర్చుంది. ఇక్కడున్న టెక్నీషియన్ అన్నలకి ఆనాటి అరుపులకి ఇప్పుడు క్షమాపణ చెప్పుకుంటున్నాను. (నవ్వులు)

ఆ అచ్చు చిరిగి ఉంటే కుర్చీ దగ్గరే పారేసి ఇంకోటి తీసేవాణ్ణి, ఐదు నిమిషాలతో పోయేది. అది చిరగలేదు, పూర్తిగా బిగియకముందే లాగడం వల్ల సాగి ఉండిపోయింది. చిరుగు కంటికి కనిపిస్తుంది, సాగుడు కనిపించదు. అందుకే ఎవరైనా మా మెటీరియల్ చిరగనే చిరగదండీ అని అమ్మడానికొస్తే, సరే, లాగి వదిలితే ఎంత వెనక్కొస్తుంది అని అడగండి. దాన్ని ఎలాస్టిక్ రికవరీ అంటారు. ఎలాస్టోమర్లకి, అంటే ఈ రబ్బరు జాతి ముద్దలకి, ప్రమాణం అడిగేది కనీసం 96.5 శాతం, మంచి అడిషన్ సిలికోన్ 99 దాటుతుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి, ఒక్కటి చూస్తే మోసపోతాం.

సరే, ఆల్జినేట్‌కి వద్దాం. 1920ల్లో వియన్నాలో ఆల్ఫోన్స్ పోలర్ అనే ఆయన అగర్ అనే నాచు జెల్లీతో అచ్చులు తీసే పద్ధతి తెచ్చాడు, అది మన వృత్తిలోకీ వచ్చింది. అగర్ ఎక్కువగా జపాన్ నుంచి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరుకు ఆగిపోయింది. దాంతో గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ మీద పడ్డారు. మన దగ్గర కూడా రామేశ్వరం, మండపం వైపు సర్గాసమ్ జాతి నాచు ఏరి ఆల్జినేట్ తీస్తారు.

అది ఎలా బిగుస్తుందో చెప్తాను, బలం సంగతంతా అందులోనే ఉంది. ఆల్జినేట్ అంటే పొడుగాటి గొలుసులు. కాల్షియం సల్ఫేట్ నీళ్ళలో కరిగి కాల్షియం వదులుతుంది. రెండు గొలుసుల మధ్య గుంటల్లో కాల్షియం వచ్చి కూర్చుంటుంది. గుడ్ల అట్ట చూశారు కదా, రెండు అట్టలు ఎదురెదురుగా పెట్టి మధ్యలో గుడ్లు పేర్చినట్టు. శాస్త్రవేత్తలు కూడా దాన్ని ఎగ్ బాక్స్ అనే అన్నారు. ఈ గుంటలు గొలుసులో గులురోనిక్ యాసిడ్ అనే లంకెలు ఉన్నచోటే బాగా కుదురుతాయి. అది ఎక్కువున్న నాచు తీసుకుంటే జెల్ గట్టిగా, పెళుసుగా వస్తుంది. మాన్యురోనిక్ అనే రెండో రకం లంకెలు ఎక్కువైతే మెత్తగా సాగుతూ ఉంటుంది. కాబట్టి ఆల్జినేట్ బలం ఫ్యాక్టరీలో మొదలవ్వదు, ఏ నాచు ఏరుకున్నారన్న దగ్గరే మొదలవుతుంది.

వెంటనే బిగిస్తే మనకి కలుపుకునే టైము ఉండదు కదా. అందుకని ట్రైసోడియం ఫాస్ఫేట్ వేస్తారు. వచ్చిన కాల్షియాన్ని ముందు అది తినేస్తుంది. అది అయిపోయాక గొలుసుల వంతు. బిగుసుకోవడం మొదలయ్యాక మీరు స్పాచులా తిప్పినా, నోట్లో ట్రే కదిపినా, కట్టుకుంటున్న పోగులు తెగుతాయి. తెగినవి మళ్ళీ అతకవు. బిగిసింది మళ్ళీ వెనక్కి ద్రవం కాదు, దాని పేరే ఇర్రివర్సిబుల్. గడ్డ పెరుగు తోడుకుంటుంటే గిన్నె కదిపితే ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి.

పొడిలో సగానికి పైగా ఏముంటుందో తెలుసా? ఆల్జినేట్ కాదు, డయటమేషియస్ ఎర్త్. కంటికి కనపడని నీటి జీవులు డయాటమ్‌ల సిలికా గుల్లల మట్టి. అవీ నాచు జాతివే. ఈ ఫిల్లర్ లేకపోతే జెల్ తీసేసరికి జిగటగా, బలం లేకుండా ఉంటుంది. ఇంటికి ఇసుక ఎలాగో దీనికి ఇది అలాగ. డబ్బా కుదిపి మూత తీయగానే లేచే దుమ్ము మాత్రం పీల్చకండి, ఒక నిమిషం ఆగి తీయండి.

ఇప్పుడు చూపిస్తాను. అమ్మా, నువ్వు రా. నీ చేతులు బలంగా ఉన్నాయి. (నవ్వులు) ఈ బౌల్‌లో 15 గ్రాముల పొడి, 40 మిల్లీలీటర్ల చల్లని నీళ్ళు. బౌల్ గోడకేసి నొక్కి రుద్దు, ఊరికే తిప్పకు. నిమిషం పూర్తిగా. బాబూ, నువ్వు రెండోది తీసుకో. పొడి అంతే, నీళ్ళు 55. చెంబుతో పోసే మన ఓపీ కొలత అన్నమాట. మూడోది నేనే కలుపుతాను, నీళ్ళు సరిగ్గానే, 20 సెకన్లు మాత్రమే కలుపుతాను, హడావిడిలో ఉన్న డాక్టరులాగా. మూడూ ఈ సబ్బుపెట్టె మూతల్లో పోసి చదును చేయండి.

...సెట్టయ్యాయి. ఇంకా రెండు మూడు నిమిషాలు ముట్టుకోకండి. జెల్ అయ్యాక మొదటి నాలుగు నిమిషాల్లో బలం దాదాపు రెట్టింపవుతుంది. జిగట పోయింది కదా అని అక్కడే లాగేస్తే సగం బలంతో లాగినట్టు.

ఇప్పుడు కత్తెరతో అంచున గాటు పెట్టి లాగు. మొదటిది చూడండి, కాస్త మొండికేసి చిరిగింది, అంచు తిన్నగా ఉంది. రెండోది? జున్ను ముక్కలా విడిపోయింది, లాగనేలేదు నువ్వు. మూడోది విచిత్రం, గాటు దగ్గర కాదు, ఇదిగో ఇక్కడ తెగింది. తెగినచోట దగ్గరగా చూడండి, తెల్లగా పిండి ఉండ. సరిగా తడవని పొడి. ఉప్మాలో ఉండ కట్టినట్టు. మనం పెట్టిన గాటు కంటే అదే పెద్ద గాటు. కలపడం సరిగా లేకపోతే బలం సగానికి సగం పడిపోతుందని పాఠ్యపుస్తకాల్లో రాసింది ఊరికే కాదు.

ఆ నీళ్ళు ఎక్కువ పోసే అలవాటు మనకెందుకొచ్చింది? ఎండ వల్ల. మే నెలలో మేడమీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. నీళ్ళ వేడి 10 డిగ్రీలు పెరిగితే సెట్టింగ్ టైము దాదాపు ఒక నిమిషం తగ్గుతుంది. ట్రేలోకి ఎత్తేలోపే బౌల్‌లో బిగుస్తుంది. అప్పుడు మనవాళ్ళేం చేస్తారు? ఇంకాస్త నీళ్ళు పోసి పల్చన చేస్తారు. టైము దొరుకుతుంది, బలం పోతుంది. నీళ్ళు పెంచకండి, చల్లబరచండి. కుండలో పెట్టిన నీళ్ళయినా సరే. ఒక థర్మామీటరు కొనుక్కోండి, 18 నుంచి 24 డిగ్రీలు ఉండాలి. బోరు నీళ్ళు వద్దు, అందులోని కాల్షియం కూడా బిగుసుకోవడాన్ని తొందర చేస్తుంది. ఇంకోమాట, పొడి డబ్బా ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలేయకండి. 54 డిగ్రీల దగ్గర నెలరోజులుంచితేనే పొడి చెడిపోతున్నట్టు తేలింది. గొలుసులే తెగిపోతాయి, ఇక మీరెంత బాగా కలిపినా అంతే.

సిలికోన్ సంగతి. ఇక్కడ బలం పెంచే పనంతా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులది. గొలుసుల చివర వినైల్ గుంపులు, వాటిని కలిపే క్రాస్‌లింకర్, ప్లాటినం ఉత్ప్రేరకం. క్రాస్‌లింకులు పెంచితే బాగా వెనక్కొస్తుంది, కానీ బిరుసెక్కి పెళుసవుతుంది. తగ్గిస్తే సాగుతుంది. ఆ మధ్యే మార్గం కోసం అతి సన్నని సిలికా పొడి కలుపుతారు. ఉత్త సిలికా వేస్తే అదీ ఉండ కడుతుంది, ఇందాక ఆల్జినేట్‌లో చూశాం కదా. అందుకని ఒక్కో రేణువు పైపూత మార్చి, సైలేన్‌తో శుద్ధి చేసి వేస్తారు. అప్పుడు రబ్బరు దాన్ని పట్టుకుంటుంది, చిరుగు వచ్చి రేణువు దగ్గర ఆగుతుంది.

కంపెనీ అంత కష్టపడి పంపితే మనమేం చేస్తాం? లేటెక్స్ గ్లవ్స్‌తో పుట్టీ, అంటే చిక్కటి సిలికోన్ ముద్ద, పిసుకుతాం. గ్లవ్స్‌లో ఉండే గంధకపు పదార్థాలు ప్లాటినాన్ని చంపేస్తాయి. తీసి చూస్తే అచ్చంతా బిగిసి, సరిగ్గా మార్జిన్ దగ్గర జిడ్డుగా ఉంటుంది. పుట్టీ చేత్తో ముట్టకపోయినా, అదే గ్లవ్స్‌తో చిగుళ్ళు రుద్దితే చాలు. రక్తం ఆపడానికి వాడే మందులు కూడా బాగా కడిగేయాలి. గన్నుతో వేసేటప్పుడు మొదటి బొట్టు పారేయండి, టిప్పు మెటీరియల్ లోపలే ముంచి ఉంచండి, పైకెత్తి మళ్ళీ పెడితే బుడగ. బుడగంటే ఇంకో గాటు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క, ఇది నాకు చాలా ఇష్టం. కాగితం ఉంటే రాసుకోండి. మీ లైట్ బాడీ, అంటే పల్చటి సిలికోన్, దాని టేర్ స్ట్రెంగ్త్ 2 అనుకుందాం. చిగురుకీ పంటికీ మధ్య సందులోకి అది వెళ్ళిన మందం 0.2 మిల్లీమీటరు. రెండూ గుణిస్తే 0.4 న్యూటన్లు, అంటే 40 గ్రాములు. మన నాచు ముద్దకి మిల్లీమీటరు మందంలో ఎంతన్నాం? 39. అన్ని వేలు పోసి కొన్న సిలికోన్ ఆ సందులో ఆల్జినేట్‌తో సమానమైపోయింది. అదే మీరు చిగురుని పక్కకి జరిపే తాడు సరిగ్గా పెట్టి, ఓపిక పట్టి, సందు 0.4 చేశారనుకోండి, 80 గ్రాములు. రెట్టింపు బలం ఉన్న మెటీరియల్ కొన్నట్టే, పైసా ఖర్చు లేకుండా. సందు 0.2 కంటే ఇరుకైతే చిరుగులు, బుడగలు బాగా పెరుగుతాయి. తాడు తీసీ తీయగానే చిగురు మళ్ళీ దగ్గరవడం మొదలెడుతుంది, కాబట్టి లైట్ బాడీ చేతిలో సిద్ధంగా ఉండాలి. అసిస్టెంటుని అప్పుడు గన్ను వెతకమంటే కుదరదు.

ట్రే విషయంలోనూ ఇదే లెక్క. అండర్ కట్, అంటే పంటి ఉబ్బు కింద లోపలికి పోయిన చోటు, 1 మిల్లీమీటరు, అక్కడ మెటీరియల్ మందం 5 అయితే బయటికొచ్చేటప్పుడు 20 శాతం నలుగుతుంది. ట్రే పంటికి ఆనుకుని 2 మాత్రమే ఉంటే 50 శాతం నలగాలి. ఏ రికవరీ అయినా అంత నలిగాక మొహం చాటేస్తుంది. ఆల్జినేట్‌కి కనీసం 3 మిల్లీమీటర్లు ఉంచండి.

తీయడం: ముందు పక్కన వేలు పెట్టి గాలి వెళ్ళనివ్వండి, తరవాత పంటి నిడివి దిశలో ఒక్క ఊపున. అటూ ఇటూ ఊపకండి. ఈ పదార్థాలకి వేగం అంటే ఇష్టం, త్వరగా లాగితే ఎక్కువ తట్టుకుంటాయి, తక్కువ సాగుతాయి. పేషెంటు మీద జాలితో నెమ్మదిగా లాగితే అచ్చుకి అన్యాయం. పాలీఈథర్ మాత్రం బిరుసు, బలహీనమైన పళ్ళున్నచోట సందులు ముందే మైనంతో మూసుకోకపోతే పన్నే ఊడి రాగలదు.

పీజీ పిల్లలకి ఒక్క మాట. థీసిస్ కోసం ఆల్జినేట్‌లో ఏదో ఒక నానో పొడి కలిపి, టేర్ స్ట్రెంగ్త్ పెరిగిందని చూపించి ముగించకండి. రికవరీ ఏమైంది, అచ్చులో స్టోన్ అనే గట్టి ప్లాస్టర్ పోస్తే మోడల్ పైపొర పిండిలా రాలుతోందా, సెట్టింగ్ టైము ఎంత మారింది, ఇవీ కొలవండి. క్రిములు చంపే మందు కలిపినా అంతే. ఒకటి పెరిగితే సాధారణంగా ఇంకోటి తగ్గే ఉంటుంది, ఆ తగ్గిందేదో వెతకడమే అసలు పని.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పన్నా.

(ఒక టెక్నీషియన్: ఆల్జినేట్ తడిగుడ్డలో చుట్టి పంపుతారండీ, మాకు సాయంత్రానికి చేరుతుంది. ఎంతసేపు ఆగుతుంది?)

ఆగదన్నా. గాలి తగిలితే నీళ్ళు వదిలి ముడుచుకుంటుంది, తడి తగిలితే పీల్చి ఉబ్బుతుంది. తడిగుడ్డ అచ్చుని ఆనకుండా మూతపెట్టిన డబ్బాలో ఉంచితే కాస్త నయం, అంతే. పది పదిహేను నిమిషాల్లో క్లినిక్‌లోనే స్టోన్ పోసి, మోడల్ పంపాలి. సాయంత్రం బస్సుకి అచ్చు పంపే డాక్టరుకి ఈసారి నా పేరు చెప్పి తిట్టండి.

(ఒక విద్యార్థిని: సర్, ఇప్పుడు స్కానర్లు వచ్చేశాయి కదా, ఇవన్నీ నేర్చుకోవాలా?)

మంచిదమ్మా, కొనగలిగితే కొనుక్కో. ఒకటి రెండు పళ్ళ క్యాపుకి చక్కగా పని చేస్తుంది. కానీ స్కానర్ చూసేది వెలుగు పడినంత వరకే. చిగురు కింద మార్జిన్ మీద రక్తపు చుక్క ఉంటే దానికి రక్తమే కనిపిస్తుంది. ఒక్క పన్నూ లేని దవడలో కదిలే బుగ్గనీ, నాలుక కింది మెత్తటి భాగాన్నీ అచ్చు నొక్కి తీసినట్టు అది తీయలేదు. ఆ కట్టుడు పళ్ళ పేషెంట్లే మన ఓపీలో సగం మంది.

సరే, టీ వచ్చింది. పావుగంటలో పక్క గదికి రండి, పుట్టీ, లైట్ బాడీ అందరికీ పెట్టించాను. వచ్చేటప్పుడు ఆ లేటెక్స్ గ్లవ్స్ విప్పి బుట్టలో పడేసి, చేతులు సబ్బుతో కడుక్కుని మరీ రండి.